పలక బోర్లిస్తే ఫస్టు

లెక్కల క్లాసులో అందరికంటే ముందు లెక్క చేసినవాళ్ళు పలకని మేష్టారి బల్ల మీద బోర్లించాలి. రెండో పలక దాని మీద బోర్లాపడుతుంది, మూడోది దాని మీద. సగం క్లాసు అయ్యేసరికి మేష్టారు "ఇంక చాలు" అనేవారు. ఆ తరవాత వచ్చిన పలకలో లెక్క ఎంత రైటయినా దొంతరలో దానికి చోటు లేదు. అప్పుడాయన దొంతర మొత్తాన్ని రెండు చేతులా పట్టి ఒక్కసారి తిరగేసేవారు. అడుగునున్న పలక పైకొచ్చేది. ఫస్టు పలకలో లెక్క తప్పయితే వెనక వరసలో కిసకిసలు. రైటయితే సుద్దముక్కతో బారెడు టిక్కు, పక్కన పదికి పది.

ఆ పది మార్కుల్ని ఇంటిదాకా చేర్చడం ఇంకో పరీక్ష. పలకని సంచిలో పెడితే చెరిగిపోతుంది, చంకలో పెట్టుకుంటే చెమటకి కరిగిపోతుంది. అందుకని రెండు చేతులా ముందుకు చాపి పట్టుకుని, ఎవరూ తోసెయ్యకుండా కాలవగట్టు మీద ఓ వారగా నడిచేవాళ్ళం. అమ్మ పొయ్యి ముందునుంచి తలెత్తి చూసి "ఊఁ" అనేది. అంత ప్రయాసా ఆ "ఊఁ" కోసమే. మర్నాడు బడిలో ఆ టిక్కునీ ఆ పదినీ తడిగుడ్డతో తుడిచేసి కొత్త లెక్క వేసుకోవాల్సిందే. మార్కాపురం నుంచి వచ్చిన ఆ నల్లరాతి పలకల మీద నేను తెచ్చుకున్న మార్కులు ఏ రిజిస్టర్లోకీ ఎక్కలేదు.

1960ల చివరి మాట ఇది. కృష్ణా జిల్లా దివి తాలూకాలో పంచాయతీ సమితి నడిపే ఎలిమెంటరీ స్కూలు. అయిదు తరగతులకి ఇద్దరు మేష్టార్లు. ఒకటీ రెండూ వరండాలో. మూడూ నాలుగూ అయిదూ లోపల, ఒక్కో తరగతి ఒక్కో గోడవైపు మొహం పెట్టి. మేష్టారు అయిదో తరగతికి లెక్క చెప్పి, వాళ్ళు అది చేసేలోగా నాలుగో తరగతి చేత ఎక్కం ఒప్పజెప్పించుకుని, మూడో తరగతికి కాపీ పెట్టేవారు. పలకలు బోర్లించే పద్ధతి బహుశా అక్కణ్ణించే పుట్టి ఉంటుంది. అన్ని పలకలూ దిద్దే తీరిక ఆయనకెక్కడిది?

బడిలో చేరడానికి ఒకటే అర్హత. కుడిచెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకోవాలి. అందితే అయిదేళ్ళు నిండినట్టు. పుట్టినరోజు మేష్టారే రాసేసేవారు కాబట్టి మా క్లాసులో చాలామందిమి బడి తెరిచే రోజుల్లోనే, జూన్, జూలైల్లోనే పుట్టాం. చేరాక ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, మనకే తెలియాలి. గోళ్ళు కత్తిరించుకుని రావాలి. పలకని ఉమ్మితో తుడవకూడదు. బలపం తినకూడదు. (తినేవాళ్ళం. కొత్త బలపం మట్టివాసన ఇప్పటికీ నా నాలిక మీద ఉంది.) ఎక్కం తప్పితే చెయ్యి చాపాలి, చాపిన చెయ్యి వెనక్కి లాక్కోకూడదు, లాక్కుంటే ఒకటికి రెండు.

మా మనవడు డాలస్‌లో నాలుగో తరగతి చదువుతున్నాడు. ఏడాది మొదట్లో వాళ్ళ టీచరు పంపిన కాగితాలు మా అమ్మాయి నాకు చదివి వినిపించింది. హోంవర్కుకి ఎంత, చిన్నపరీక్షకి ఎంత, ఆలస్యంగా ఇస్తే ఎంత తగ్గిస్తారు, మార్కులు తక్కువొస్తే అదే పరీక్ష మళ్ళీ ఎప్పుడు రాసుకోవచ్చు, సైన్సు ప్రాజెక్టులో దేనికి ఎన్ని మార్కులు అని అంతా వివరంగా ఉంది. కింద తల్లీ తండ్రీ పిల్లాడూ ముగ్గురూ సంతకాలు చెయ్యాలట. మా నాన్న మేష్టారితో కుదుర్చుకున్న ఒప్పందం ఇంతకంటే పొట్టిది. నన్ను బల్ల ముందు నిలబెట్టి, "కళ్ళు మాత్రం వదిలెయ్యండి మేష్టారూ, మిగతాదంతా మీదే" అని చెప్పి పొలానికి వెళ్ళిపోయాడు. ఆ ఊళ్ళో పిల్లల్ని బళ్ళో వేసిన ప్రతి తండ్రీ అదే మాట అనేవాడు. ప్రేమ లేక కాదు, అలా అనడం మర్యాద.

పలకలు బోర్లించే ఈ తొందర చదువు మా మేష్టారు కనిపెట్టింది కాదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి మద్రాసు రెవెన్యూ బోర్డుకి ఒక నివేదిక పంపాడు. పొద్దున్నే అందరికంటే ముందు బడికొచ్చిన పిల్లాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాస్తారనీ, రెండోవాడి చేతిలో సున్నా చుడతారనీ, అంటే వాడికి మెప్పూ లేదు తప్పూ లేదనీ, మూడోవాడికి మెల్లిగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చేవాళ్ళకి ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతారనీ అందులో రాశాడు. మా తాతయ్య చదివిన వీధిబడిలోనూ ఇదే వరస. కాకపోతే సరస్వతి పేరుకి బదులు "శ్రీ", సున్నాకి బదులు చుక్క. ఇంటిపని చేసొచ్చేవాడు, గొడ్లకి మేతేసొచ్చేవాడు రోజూ ఆఖరే. అంటే రోజూ ఎక్కువ దెబ్బలు వాడికే. దాదాపు నూటయాభై ఏళ్ళు గడిచినా ముందొచ్చినవాడే తెలివైనవాడన్న నమ్మకం మాత్రం అలాగే ఉంది. తాతయ్యకి అరచేతిలో, నాకు పలకల దొంతరలో, అంతే తేడా.

సాయంత్రం ఆఖరి గంట ఎక్కాలది. అన్ని తరగతులూ బయట వేపచెట్టు కింద నిలబడాలి. ఒకడు ముందు నిలబడి చెప్పాలి, మిగతావాళ్ళు అనాలి. "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళ పద్నాలుగు" అంటూ మొదలైతే ఆ గోల కాలవ అవతలి పొలాలదాకా వినిపించేది. పొలంలో పనిచేసుకునే మా నాన్నకి అదే గడియారం. ఏడో ఎక్కంలో "ఏడెనిమిదుల" దగ్గర గొంతులు కాస్త సన్నగిల్లేవి. మేష్టారు సరిగ్గా అక్కడే చెవి రిక్కించేవారు.

పన్నెండో ఎక్కం దాకా వస్తే మామూలు పిల్లలు. పదహారో ఎక్కం తడుముకోకుండా చెబితే గొప్ప. పదహారు దగ్గరే ఎందుకు ఆగాలో మాకు తెలీదు. తాతయ్యకి తెలుసు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 దమ్మిడీలు, అందుకని ఆ రెండు ఎక్కాలూ రానివాడు బజారుకి పనికిరాడు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి, అణాలు లెక్కలోంచి పోయాయి, పదహారో ఎక్కం మాత్రం బళ్ళో ఉండిపోయింది. పుస్తకంలో లెక్కలన్నీ పైసల్లో, కొట్లో బేరాలన్నీ బేడల్లో, పావలాల్లో. బేడంటే రెండణాలు, లెక్క ప్రకారం పన్నెండున్నర పైసలు. ఆ అరపైసా ఎవరిదన్న తగాదా కిరాణా కొట్టు ముందు ఎప్పుడూ తెగేది కాదు. ఇంట్లో కొలతలదీ అదే గొడవ. బళ్ళో లీటర్లు, మిల్లీలీటర్లు. అమ్మ దగ్గర సోలకి నాలుగు గిద్దెలు, తవ్వకి రెండు సోలలు, మానికకి రెండు తవ్వలు. భిన్నాలు మేష్టారు చెప్పకముందే నాకు వచ్చేశాయి. అమ్మ బియ్యం కొలుస్తుంటే వచ్చినవవి.

అసలు పరీక్ష నోటిలెక్కలు. పలక ముట్టుకోకూడదు. "పావలాకి అయిదు మామిడికాయలైతే రెండున్నర రూపాయలకి ఎన్ని?" అని అడిగి మేష్టారు మొదటి వరస నుంచి వేలు చూపించుకుంటూ వచ్చేవారు. చెప్పలేనివాళ్ళు నిలబడాలి. ఎవరైనా "యాభై అండి" అంటే, వాళ్ళు లేచి, నిలబడ్డవాళ్ళందరి ముక్కులూ ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో చెంప మీద కొట్టాలి. జాలిపడి మెల్లిగా కొడితే, "అలా కాదు, ఇలా" అని మేష్టారు మన చెంప మీదే చూపించేవారు.

నాకు లెక్కలు వచ్చు. అంటే మగపిల్లల ముక్కులు పట్టుకోవాల్సిన పని నాకు తరచు పడేది. మధ్యాహ్నం బెల్లయ్యాక చెరువుగట్టు దగ్గర వాళ్ళు ఆ బాకీ వడ్డీతో తీర్చుకునేవాళ్ళు. నేను మొండిదాన్ని, ఎలాగో నెగ్గుకొచ్చాను. నా పక్కన కూచునే ఒక పిల్ల ఉండేది. నాకంటే చురుకు. మేష్టారు లెక్క చెప్పడం పూర్తికాకముందే నా చెవిలో జవాబు ఊదేది. తన వంతు వస్తే తల వంచుకుని నిలబడేది. దెబ్బ తినడం తనకి తేలిక, కొట్టి ఇంటికి వెళ్ళడమే కష్టం. దానికి లెక్కలు రావని మేష్టారు అనుకున్నారు. ఊరు కూడా అనుకుంది. అయిదో తరగతి తరవాత బడి మాన్పించినప్పుడు, "దానికి చదువు అబ్బలేదు లెండి" అన్నారు వాళ్ళింట్లో. ఆ రోజుల్లో చదువు ఎంత గట్టిదో అని మా ఈడువాళ్ళు కబుర్లు చెప్పుకున్నప్పుడల్లా నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది, నోరు మూసుకుంటాను.

అయినా లెక్కలు నయం. తప్పో రైటో అక్కడికక్కడ తేలిపోయేది, మేష్టారి చుట్టం కొడుకైనా ఏడెనిమిదులు యాభై ఆరే. సామాన్యశాస్త్రం సంగతే వేరు.

సామాన్యశాస్త్రంలో మార్కు తెలిసినదానికి కాదు, పుస్తకంలో ఉన్న మాటకి. గాలికి బరువు కలదు, గాలి స్థలమును ఆక్రమించును. ఇలా గ్రాంథికంలో, చివర "కలదు", "ఆక్రమించును" పోకుండా అప్పజెప్పాలి. "ఉంది" అన్నామో అర మార్కు పోయింది. ప్రయోగాలన్నీ నోట్సులోనే జరిగేవి. ఉద్దేశము, కావలసిన వస్తువులు, చేయు విధానము, పరిశీలన, నిర్ధారణ. గాజుగ్లాసు బోర్లిస్తే దీపం ఆరిపోవునని రాసి పదికి తొమ్మిది తెచ్చుకున్న నేను అది కళ్ళారా చూసింది హైస్కూల్లో. బడిలో గ్లాసు లేక కాదు. మేష్టారు టీ తాగే గాజుగ్లాసు ఒకటి కిటికీలో ఎప్పుడూ ఉండేది. అది ప్రయోగానికి పనికొస్తుందని ఆయనకీ తోచలేదు, మాకూ తోచలేదు.

ఒకసారి మేష్టారు "విత్తనము మొలకెత్తుటకు కావలసినవి ఏవి?" అని అడిగారు. గాలి, నీరు, తగినంత ఉష్ణము అని చెప్పాలి. వెనక వరసలో ఒక పాలేరు కొడుకు ఉండేవాడు. నాట్ల రోజుల్లో నెలకి నెల బడి ఎగ్గొట్టేవాడు. ఏం తోచిందో, వాడు లేచి మండెకట్టడం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వడ్లు బస్తాలో కట్టి కాలవలో నానేస్తారండి, తీసి గడ్డి పరిచి పోసి, పైన గోనెపట్టాలు కప్పి బరువెడతారండి, లోపల చెయ్యెడితే కాలిపోద్దండి, మరీ కాలితే మొలక కుళ్ళిపోద్దండి, అందుకని మజ్జెలో నీళ్ళు జల్లాలండి. క్లాసు మొత్తం వింటోంది. వరండాలో ఒకటో తరగతి కూడా నోరు మూసింది. మేష్టారు చివరిదాకా విని, "అదంతా సరే, పుస్తకంలో ఏముందిరా?" అన్నారు. వాడికి పుస్తకం లేదు. నిలబడే ఉండమన్నారు.

మేష్టారు చెడ్డవారు కాదు. వానాకాలం కాలవ పొంగితే చిన్నపిల్లల్ని భుజాన వేసుకుని దాటించేవారు. కానీ ఆయనకీ పైన ఒకరున్నారు. డిప్యూటీ ఇనస్పెక్టరు వస్తున్నారంటే వారం ముందునుంచీ నల్లబల్లకి బొగ్గూ గుంటగలగరాకూ నూరి పూసేవాళ్ళం, గోడలకి సున్నం వేసేవాళ్ళు, మాకు జవాబులు పంచిపెట్టేవారు: నువ్వు గాలి, నువ్వు నీరు, నువ్వు పదమూడో ఎక్కం. ఇనస్పెక్టరు అంటే మేష్టర్లకి ఉన్న భయం వాళ్ళ తాతలనాటిది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఫలితాల గ్రాంటని ఒక పద్ధతి ఉండేది. ఇనస్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తే, ఎంతమంది పిల్లలు నెగ్గితే ఆ లెక్కన బడికి డబ్బు. పిల్లాడు కూడిక తప్పితే మేష్టారింట్లో పొయ్యి మీద ఎసరు తగ్గేది. అలాంటి రోజుల్లో పిల్లాడు కొత్తగా ఆలోచించి చెప్పిన మాట విని ఎవరు మురిసిపోతారు? గ్రాంటు పోయింది, ఆ బెదురు మాత్రం సమితి బడులదాకా వచ్చింది.

ఏడాదికోసారి మాత్రం పలక పక్కనపెట్టి అరఠావు కాగితం మీద రాసేవాళ్ళం. ఎడమపక్క మార్జిను మడత, కుడిపక్క చిత్తుపని, జవాబు కింద రెండు గీతలు. ముప్పై అయిదుకి తగ్గితే ఎర్రసిరా సున్నా చుట్టి ఉండేది. వేసవి సెలవలకి ముందు పెద్దమేష్టారు వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని పేర్లు చదివేవారు. పేరు చదివితే గట్టెక్కినట్టు. చదవకపోతే తప్పినట్టు. అంతే, ఎందుకు తప్పారో, దేంట్లో తప్పారో అడిగే అలవాటు లేదు. తప్పినవాడు అదే గోడవైపు, అదే చాప మీద, తమ్ముడి పక్కన కూచుని మళ్ళీ మొదటి పాఠం నుంచి చదివేవాడు.

1970ల మొదట్లో కింది తరగతుల్లో ఎవర్నీ ఆపకూడదన్నారు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష దగ్గర మాత్రం జల్లెడ ఉండేది. 1980ల్లో బ్రిటన్ సాయంతో ప్రాథమిక విద్యా పథకం ఒకటి వచ్చి, పిల్లలు చేసి నేర్చుకోవాలని మేష్టర్లకి శిక్షణలు ఇచ్చింది. ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చి సైన్సు కిట్లు ఇచ్చింది. నేను చూసిన ఒక బడిలో ఆ కిట్టు బీరువాలో తాళం వేసి ఉంది, పగిలితే జవాబు చెప్పుకోవాలని. 2002లో ప్రభుత్వం బెత్తాన్ని నిషేధించింది. 2010లో అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతిదాకా ఎవర్నీ ఆపొద్దంది, మార్కుల బదులు నిరంతర సమగ్ర మూల్యాంకనం అంది.

మా మేనకోడలు ప్రభుత్వ బడిలో టీచరు. ఫార్మేటివ్, సమ్మేటివ్ అంటూ ఏడాది పొడుగునా ఏదో ఒకటి నింపుతూనే ఉంటుంది. స్లిప్ టెస్టు, రాతపని, ప్రాజెక్టు పని, క్లాసులో పాల్గొన్నందుకు ఇంత, వాటన్నిటినీ కలిపి ఏ ప్లస్సో బి ప్లస్సో. ఇప్పుడు ఆ మండెకట్టిన పిల్లాడు ఉంటే ప్రాజెక్టు పనికి పూర్తి మార్కులు కొట్టేసేవాడని నేనంటే, "అత్తా, వాడు చెప్పేది వినే టైముంటే కదా, అవన్నీ ఆన్‌లైన్లో ఎక్కించాలి" అంది. ఒక మేష్టారికి పుస్తకం అడ్డం, ఇంకో టీచరుకి ఫారం అడ్డం.

2019లో చట్టం సవరించి, కావాలంటే రాష్ట్రాలు అయిదులోనూ ఎనిమిదిలోనూ పిల్లల్ని ఆపొచ్చన్నారు. మా ఈడువాళ్ళు చాలామంది "ఇప్పటికి బుద్ధొచ్చింది" అన్నారు. పాతరోజుల్లో వడపోత ఎంత కచ్చితంగా ఉండేదో అని మళ్ళీ కబుర్లు. నాకు మాత్రం ఆ వడపోతని చేతులారా చేసినాయన్ని అడగాలనిపించింది. మా మేనమామ మా పక్క ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా చేశాడు. వాళ్ళ బడి రిజిస్టర్లు 1977 నవంబరు ఉప్పెనలో కొట్టుకుపోయాయి. మనుషులే పోయిన చోట రిజిస్టర్ల కోసం ఎవరేడుస్తారు గానీ, ఆ ఏళ్ళలో ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో ఇప్పుడు ఆయన నోటిమాటే సాక్ష్యం.

"ఏ లెక్కన పాస్ చేసేవాడివి మావయ్యా?" అన్నాను.

"చాపల లెక్కన," అన్నాడు. "మూడో తరగతి గోడవైపు పాతికమంది పడతారు. అందులో పదిమందిని ఆపితే జూన్లో రెండు నుంచి వచ్చేవాళ్ళని ఎక్కడ కూచోబెట్టను, నా నెత్తిమీదా? పైగా పై క్లాసులో పిల్లలు తగ్గితే రెండో మేష్టారి పోస్టు ఎత్తేస్తారు."

"మరి ముప్పై అయిదు మార్కులు?"

"రావాల్సినవాడికి వచ్చేవిలే."

"మరి ఫెయిలైనవాళ్ళో? ఉండేవాళ్ళుగా!"

"ఉండేవాళ్ళు. వాళ్ళ నాన్నలే వచ్చి ఆపమని అడిగేవాళ్ళే అమ్మాయ్. అయిదయ్యాక హైస్కూలంటే ఎన్ని మైళ్ళు నడవాలి! పిల్లాడు ఇంకా పీలగా ఉన్నాడు, కాలవలు దాటలేడు, ఇంకో ఏడు మీ దగ్గరే ఉంచండి మేష్టారూ అనేవాళ్ళు. సరే అని లెక్కల్లో ఓ నాలుగు మార్కులు తగ్గించేవాణ్ణి. కాళ్ళు గట్టిపడ్డాక పాస్ చేసేవాణ్ణి."